పక్క గదికి బయల్దేరిన స్లాత్

మ్యూజియం తలుపులు తెరిచేలోపే పెద్ద స్లాత్‌ను వెనక్కి నెట్టాలి. అక్కడ పనిచేసేవాళ్లకు ఊడవడం, లైట్లు వేయడం ఎలాగో ఇదీ అలాగే. ఏనుగంత ఒళ్లు, కొడవళ్లలాంటి గోళ్లు ఉండి, చెట్లెక్కకుండా నేలమీదే తిరిగి, ఎప్పుడో అంతరించిపోయిన జంతువది. మిగిలింది ఎముకలే అయినా, తెల్లారేసరికి పక్క గది వైపు కాస్త జరిగి ఉండేది. పుట్టు బద్ధకం కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వీళ్ల నడుములు పడిపోయేవి.

"ఇవాళ ఎందాకా వెళ్లింది?" అనేవాడు వడ్రంగి.

"స్తంభం దాకా," అనేది టికెట్లమ్మాయి. తలో చెయ్యీ వేసేవాళ్లు.

పక్క గదిలో చిన్న స్లాత్ ఒకటి ఒంటరిగా ఉండేది. రెండూ ఒకే గుంటలో దొరికాయి. చిన్నది వేరే ప్రజాతి అని తేల్చి, దానికి కొత్త పేరు పెట్టింది డైరెక్టరమ్మ. ఆ పేరే ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

అప్పట్లో ఆమె చెల్లెలూ అక్కడే పనిచేసేది. "అక్కా, ఇది వేరే ప్రజాతి కాదే, దాని పిల్ల. తొడ ఎముక చివర ఇంకా అతుక్కోనే లేదు, ఎదిగే వయసన్నమాట, చూడు," అంది.

అక్క చూసింది. నిజమే. కానీ అప్పటికే ఊరంతా చాటేసింది. మీటింగులో అందరి ముందూ, "మా చెల్లికి విరిగిన ఎముకకీ ఎదిగే ఎముకకీ తేడా తెలీదు," అని నవ్వింది. అందరూ నవ్వారు. చెల్లెలు ఉద్యోగం మానేసి కళ్లద్దాల షాపులో చేరింది.

ఆ నవ్వు గుర్తొస్తే డైరెక్టరమ్మకు ముద్ద దిగేది కాదు. అయినా రోజూ, "నెట్టండి, టైమవుతోంది," అనేది. తల్లిని పిల్ల దగ్గరికి పోనివ్వనిది తన పేరు కోసమేనని తెలిసే అనేది.

ఒకసారి వరుసగా సెలవులొచ్చాయి. నెట్టేవాళ్లు లేరు. తిరిగొచ్చి చూస్తే పెద్దది చిన్నదాన్ని చుట్టుకుని కూర్చునుంది. దాని గోళ్లు పిల్ల పక్కటెముకల మధ్యకు దూరిపోయాయి.

"లాగితే చిన్నది ముక్కలైపోతుంది మేడమ్. లాగమంటారా?" అన్నాడు వడ్రంగి.

"వద్దు," అంది డైరెక్టరమ్మ. ఆమెకు ఏడుపు ఆగలేదు. అట్నుంచటే కళ్లద్దాల షాపుకి వెళ్లింది.

"అది పిల్లే," అంది.

చెల్లెలు అద్దాలు తుడుస్తూనే ఉంది. "ఇప్పుడు తెలిసిందా?"

"ఆ రోజే తెలుసు. తెలిసే నిన్ను నవ్వులపాలు చేశాను."

చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. "తెలీక అన్నావనుకున్నాను. ఇన్నాళ్లూ అలా అనుకునే సరిపెట్టుకున్నాను."

"వచ్చి నువ్వే సరిదిద్దు, నీ పేరుతోనే. నేను తప్పుకుంటాను," అంది అక్క.

చెల్లెలు వచ్చింది. అక్క మళ్లీ మీటింగు పెట్టి, అందరి ముందూ తప్పు ఒప్పుకుంది. ఆమె పెట్టిన ప్రజాతి పేరు కొట్టేశారు. పిల్ల తల్లి ప్రజాతిలో కలిసింది. పెద్ద స్లాత్ మళ్లీ కదల్లేదు.

అక్క సామాను సర్దుకుని వెళ్తూ ఆ గది గుమ్మంలో ఆగింది. లోపల చెల్లెలు పిల్ల తొడ ఎముక కొలుస్తోంది. అక్క అలా నిలబడే ఉంది, ఒక్క పిలుపు కోసం.

చెల్లెలు తలెత్తి చూసింది.

"వెళ్లేటప్పుడు తలుపు వేసి వెళ్లండి మేడమ్. దుమ్ము పడుతుంది."

అక్క తలుపు వేసింది.