ఇరవై మూడో పేజీ

పిల్లల పుస్తకాలు వేసే మా ఆఫీసులో ప్రూఫులు దిద్దేది నేను. నోటిదురుసు మనిషినని నాకు పేరు. నర్సుగా చేసే మా చెల్లెలు డ్యూటీల మధ్య నాలుగేళ్లపాటు పిల్లల కోసం ముప్పై కవితలు రాసుకుంది. దాని మొదటి పుస్తకం మా దగ్గరే రావాలి. అన్నీ బాగున్నాయి గానీ 'అమ్మ మీద కోపం' అన్న కవిత మాత్రం పిల్లలకు పనికిరాదు, తీసేయాల్సిందేనని మా ఓనరు పెద్దాయన పట్టుపట్టాడు. అది తీసేస్తే పుస్తకమే వద్దంది చెల్లెలు. ఇద్దరూ మొండిఘటాలే. మధ్యలో నలిగింది నేను.

"పిల్లలకి ఏది పనికొస్తుందో వాళ్లకే ఇచ్చి చూద్దామండీ," అన్నాను చివరికి.

ఒక నమూనా కాపీ కుట్టించి, పక్క వీధి బడిలో నాలుగో తరగతికి వారం రోజులు ఇచ్చాం.

శుక్రవారం పొద్దున్నే కాపీ తిరిగొచ్చింది. గబగబా పేజీలు తిప్పాను. ఇరవై మూడో పేజీ లేదు. ఎవరో మొదలంటా చింపేశారు. సరిగ్గా ఆ కవితే.

"చూశావా తల్లీ, టీచరమ్మకే నచ్చలేదు," అన్నాడు పెద్దాయన. సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాదు.

నాకు ఒళ్లు మండింది. "పదండి, ఆవిడనే అడుగుదాం," అంటూ చెప్పులేసుకున్నాను. ఆయన ఆయాసపడుతూ నా వెనకే వచ్చాడు.

టీచరమ్మ బిత్తరపోయింది. తను చింపలేదంది. క్లాసు వైపు తిరిగి, "ఎవర్నీ ఏమీ అనను, చెప్పండర్రా," అంది. చివరి బెంచీలోంచి రెండు జడల పిల్ల లేచింది.

"నేనేనండీ. మా అమ్మకిచ్చాను."

"ఎందుకమ్మా?" అన్నాడు పెద్దాయన.

"అమ్మతో మూడు రోజులు మాట్లాడలేదండీ. ఎందుకు కోపమొచ్చిందో నాకు చెప్పడం రాలేదు. అందులో ఉంది."

"మరి అమ్మేమంది?"

"చదివింది. చదివి వచ్చి నా పక్కన కూర్చుంది."

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. నలభై ఏళ్లు దాటినదాన్ని కాబట్టి ఆగాను. పెద్దాయన మాత్రం బయటికి నడిచాడు. గేటు దగ్గర చెల్లెలికి ఫోన్ కలుపుతూ ఆయన వైపు చూశాను. ఈయన ఇప్పుడేమంటాడో తెలియదు.

"ఆ పేజీ రెండుసార్లు వేయించు," అన్నాడాయన. "ఒకటి చించుకోవడానికి."