కొడుకు దుకాణం ముందు పార్కింగ్

హిందీవాళ్ల ఊళ్లో, సుపేలా బజారులో కొడుకు సురేంద్రనాథ్ నడిపే బట్టల దుకాణానికి త్రినాథరావు రోజూ మధ్యాహ్నం సైకిలు మీద క్యారేజీ పట్టుకెళ్లేవాడు. అక్కడి స్టీలు ప్లాంటులో ముప్పై ఆరేళ్లూ షిఫ్టులకి సైకిలు మీదే వెళ్లిన మనిషి, రిటైరయ్యాక కూడా దాన్ని వదల్లేదు.

ఆ వేసవిలో రోడ్డు అంచున సైకిళ్లు పోయే దారిలో తెల్లగీతలు గీసి, కార్ల పార్కింగ్ చేసేశారు. "కార్లు ఆగితేనే కదా నాన్నా, బేరాలు! దీనికోసం అర్జీ పెట్టినోళ్లలో నేనూ ఉన్నాను," అన్నాడు కొడుకు గొప్పగా. అప్పట్నించీ త్రినాథరావు ఆగిన కార్లకీ, దూసుకొచ్చే ఆటోలకీ మధ్య ప్రాణాలరచేత పెట్టుకుని తొక్కేవాడు.

ఒకరోజు సరిగ్గా దుకాణం ఎదుటే ఓ కారు తలుపు చటుక్కున తెరుచుకుంది. త్రినాథరావు ఎగిరి రోడ్డు మీద పడ్డాడు. అన్నం, పులుసు తారు మీద ఒలికిపోయాయి. కుడి మణికట్టు విరిగింది.

కారు దిగినావిడ తలుపుకి గీత పడిందేమోనని తడిమి చూసుకుంది. సురేంద్రనాథ్ పరుగున వచ్చాడు.

"సారీ దీదీ, పెద్దాయన. కళ్లు సరిగ్గా కనబడవు," అన్నాడు హిందీలో, ఆవిడతో.

"నా కళ్లకేటైందిరా? తలుపు తీసింది ఆవిడైతే, నువ్వు సారీ సెప్తావేటి?" అన్నాడు త్రినాథరావు, కింద పడి ఉండగానే.

"కస్టమర్ ముందు గొడవెందుకు నాన్నా!" అని గొణిగి, కొడుకు ఆవిడని లోపలికి తీసుకెళ్లాడు.

త్రినాథరావుని లేవదీసి ఆస్పత్రికి తీసుకెళ్లింది వెనక వస్తున్న ఆటోవాడు. కట్టు విప్పాక ఆయన మళ్లీ సైకిలెక్కాడు. ఆ దుకాణం వైపు మాత్రం మరి పోలేదు.