తాహర్ చెప్పిన ఊళ్ళు

గాలి ముందు వచ్చింది.

ఉప్పుగాలి. దెల్లిస్ రేవులో వలలు ఆరేసిన రాళ్ళ మీదుగా, చేప పొలుసుల వాసన మోసుకుంటూ వచ్చి, మేడ మీద తీగకు వేలాడుతున్న నాలుగు చొక్కాల్లోకి దూరింది. చొక్కాలు ఉబ్బాయి. చేతులు పైకి లేచాయి.

ఎవరో ఉన్నట్టే.

ఎవరూ లేరు.

తాహర్ పోయి నాలుగు నెలల పది రోజులు. భర్త పోయిన ఆడది గడప దాటకూడని గడువు నిన్నటితో తీరిపోయింది. వర్దియా ఆ చొక్కాలను ఆఖరిసారి ఉతికింది. రేపు మసీదులో ఇచ్చేస్తుంది. ఎల్లుండి...

ఎల్లుండి బయల్దేరుతుంది.

తాహర్ దూరపు బస్సు నడిపేవాడు. ఇరవై ఆరేళ్ళు నడిపాడు. వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అతను బూట్లు విప్పకముందే ఆమె అడిగేది. ఈసారి ఏ ఊరు? ఎలా ఉంది?

అతను చెప్పేవాడు.

"ఓరాన్‌లో మనిషి ఒంటరిగా కూర్చోలేడు వర్దియా. కూర్చుంటే చాలు, ఎవడో ఒకడొచ్చి భుజమ్మీద చెయ్యేస్తాడు. పాటెత్తుకుంటాడు."

"ఘర్దాయానా? అక్కడ ముందు తలుపులు పుట్టి తర్వాత మనుషులు పుట్టారు. గుమ్మంలో పడి చచ్చినా లోపలికి రమ్మనరు."

"కాన్‌స్టాంటీన్... అది రాతి మీద ఊరు. గుండెలూ రాయే. మంచినీళ్ళడిగితే పేరడుగుతారు. పేరు చెబితే తాత పేరడుగుతారు."

ఆమె ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని చేసేది. ఆవిరిలో నిలబడి ఆ ఊళ్ళను తలచుకునేది. నన్నూ తీసుకెళ్ళు, అనేది. రిటైరవనీ, అనేవాడు. రిటైరయ్యాడు. మూడేళ్ళు కిటికీ పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు, అన్నాడు.

మోకాళ్ళు బాగానే ఉన్నాయని ఆమెకు తెలుసు.

పక్కింటి జోహ్రా ఒకసారి నవ్వుతూ అంది. "పిచ్చిదానా, బస్సు డ్రైవరుకి ఊరికో ఇల్లుంటుంది. నిన్ను ఏ ఇంటికని తీసుకెళ్తాడు?"

నవ్వులాటకే అంది. ఆ మాట వర్దియాలో ముల్లై మిగిలింది. అతను బతికుండగా అడగలేదు. అడిగితే అవునంటాడేమో అని. ఇప్పుడు అడగడానికి అతను లేడు. ఊళ్ళున్నాయి.

మేనల్లుడి పాత వీపుసంచి తీసుకుంది. రెండు జతల బట్టలు, దుప్పటి, అత్తిపండ్ల పొట్లం. జోహ్రా గుమ్మంలో నిలబడి చూసింది.

"యాభై రెండేళ్ళొచ్చి గాడిదలా మూటేసుకుని ఎక్కడికే?"

"ఊళ్ళు చూడ్డానికి."

"ఊళ్ళా? ఇళ్ళా?"

వర్దియా సంచి పట్టీ బిగించుకుంది.

*

ఓరాన్‌లో వాన.

సముద్రం పక్క బల్ల మీద కూర్చుంది. ఒంటరిగా. ఎవరైనా వస్తారని కాదు... వస్తారేమోనని. గొడుగులు వచ్చాయి. గొడుగులు వెళ్ళాయి. గాలి వచ్చి కండువా లాగింది. మూడు రోజులు అదే బల్ల. ఒక్క చెయ్యీ భుజం మీద పడలేదు. ఒక్క పాటా వినపడలేదు.

మూడో రోజు ఆకలేసి శనగపిండి రొట్టె కొనుక్కుంది. వేడి వేడి ముక్క మీద జీలకర్ర పొడి చల్లుతూ బండివాడు ఆమె తడిసిన చెప్పులు చూశాడు.

"ఓరాన్‌లో అందరూ నవ్వుతుంటారని విన్నాను" అందామె.

"నవ్వుతామమ్మా, పెళ్ళిళ్ళలో. మంగళవారం పొద్దున వానలో నవ్వితే మా ఊళ్ళోనూ పిచ్చాడనే అంటారు."

బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో తాహర్ పేరు చెప్పి అడిగింది. ఎవరికీ తెలియదు. ఇల్లు లేదు. కనీసం ఇక్కడ లేదు. తేలికపడాల్సిన గుండె తేలికపడలేదు.

*

ఘర్దాయాలో ఎండ.

సన్నటి వీధులు, లేత నీలపు గోడలు, మూసిన తలుపులు. తలుపు తర్వాత తలుపు తర్వాత తలుపు. ఒక్క కన్నే కనబడే తెల్లటి ముసుగుల్లో ఆడవాళ్ళు ఆమెను చూసి గోడవారగా తప్పుకున్నారు. తాహర్ చెప్పింది నిజమే, అనుకుంది. గాలి ఆగిపోయింది. వీపు మీద సంచి బండరాయైంది. కళ్ళ ముందు గోడ వంగింది. ఆమె ఒక గుమ్మంలో కూలబడింది.

పెదవులు దాటి ఒక మాట వచ్చింది. అరబ్బీ కాదు. తాహర్‌తో మాట్లాడిన భాష కాదు. అమ్మ మాట, కొండల మాట, పెళ్ళయ్యాక నోట్లోంచి జారిపోయిందనుకున్న మాట.

అమాన్.

నీళ్ళు.

లోపల గడియ కదిలింది. ఇక్కడి వాళ్ళ భాషలోనూ నీళ్ళు అమానే.

ఒక ముసలి చెయ్యి ఆమె మణికట్టు పట్టి చల్లటి చీకట్లోకి లాక్కుంది. మజ్జిగ తాగించింది. ఖర్జూరం గింజ తీసి నోట్లో పెట్టింది. పాదాలు కడిగింది. పేరడగలేదు.

"ఎవరి కోసం వచ్చావమ్మా?"

"నా భర్త కోసం."

"ఎక్కడున్నాడు?"

"పోయాడు."

ముసలామె లేచింది. చాప పరిచింది. ఆ మధ్యాహ్నం వర్దియా పరాయి ఇంట్లో, ఇన్నేళ్ళూ తలుపు తెరుచుకోదనుకున్న ఊళ్ళో నిద్రపోయింది. లేచేసరికి ఒంటి మీద పల్చటి దుప్పటి ఉంది. ఎవరు కప్పారో తెలియదు.

తాహర్, నువ్వు ఏ తలుపు కొట్టావు?

కొట్టావా?

*

కాన్‌స్టాంటీన్‌లో మళ్ళీ గాలి.

ఊరు పైన, కొండ కొమ్మున. బస్టాండు కింద. నడుమ లోయ. లోయ మీద వంతెనలు, గాలిలో వేలాడుతూ. బస్టాండు కాఫీ దుకాణంలో అరవై దాటిన మనిషి, అమ్మార్, కప్పులు తుడుస్తున్నాడు. వర్దియా సంచి దింపలేదు. కూర్చోలేదు. దారంతా నోట్లో మోసిన ప్రశ్నను అలాగే ముందు పెట్టింది.

"దెల్లిస్ తాహర్ ఈ ఊరొస్తే ఎవరింట్లో ఉండేవాడు?"

"ఎవరింట్లోనా?" అమ్మార్ నవ్వాడు. గడ్డంతో గోడవార బల్ల చూపించాడు. "అదిగో, దాని మీద. పదిహేనేళ్ళు. ఇంతకీ నువ్వెవరమ్మా?"

"భార్యని. ఆయన పోయాడు."

అమ్మార్ పొయ్యి ఆర్పాడు. అరచేతులు పైకెత్తి పెదవులు కదిపాడు. తర్వాత ఆమెకు కాఫీ పోశాడు. నారింజపూల నీరు రెండు చుక్కలు వేశాడు. తాత పేరు అడగలేదు.

"చక్రం చేతిలో ఉంటే పులమ్మా మీ ఆయన. కిందికి దిగితే... ఎలా చెప్పను... కొత్త వీధి చూస్తే చెమటలు పట్టేవి. ఏ ఊళ్ళోనూ బస్టాండు గేటు దాటలేదు. ఒకసారి మేమే లాక్కెళ్ళాం, వంతెన దాటిద్దామని. నడిమధ్య కూర్చుండిపోయాడు. కళ్ళు మూసుకుని పాకుతూ వెనక్కొచ్చాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

గాలి దుకాణం తలుపును కొట్టింది.

"కానీ వచ్చిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగేవాడు. ఊరు ఎలా ఉంటుంది, మనుషులెలా ఉంటారు, చెప్పండ్రా, ఇంట్లో మా ఆవిడ అడుగుతుంది అని. మేం నోటికొచ్చింది చెప్పేవాళ్ళం. ఓరాన్ అల్లుడొకడు ఓరాన్‌ని ఆకాశానికెత్తేవాడు. ఘర్దాయాలో బేరం కుదరనివాడొకడు ఆ ఊరిని తిట్టిపోసేవాడు."

"ఈ ఊరివి రాతిగుండెలని చెప్పిందెవరు?"

అమ్మార్ చాలాసేపు కప్పు తుడిచాడు.

"నేనే. ఆ ఏడు మా ఆవిడ నన్నొదిలేసి పైన పుట్టింటికి వెళ్ళిపోయింది."

ఇంకో ఇల్లు లేదు.

ఇంకో ఆడది లేదు.

ఒక బల్ల. ఒక భయం. ఆ భయం పక్కనే ఆమె ఇన్నేళ్ళూ పడుకుంది, దాని పేరు తెలియకుండా. ఇంకో ఆడది ఉంటే తిట్టుకునేది. ఏడ్చి, తిట్టి, చివరికి క్షమించేది. దీన్ని ఏం చెయ్యాలి? నాతో చెప్పొచ్చుగా తాహర్... నేను అడగొచ్చుగా.

*

ఆమె వంతెన ఎక్కింది.

కింద ఎంతో లోతున ఏరు. పిచ్చుకలంత కాకులు, కాళ్ళ కింద ఎగురుతూ. బండి వెళ్ళినప్పుడల్లా వంతెన ఊపిరి తీసుకున్నట్టు కదిలింది. పది అడుగులు వేసిందో లేదో, వెనకనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.

పాతికేళ్ళ పిల్ల. చేతిలో మందుల సంచి. ముఖం పాలిపోయి ఉంది.

"పిన్నీ, కాస్త పట్టుకోనా? తల తిరుగుతుంది నాకు."

"ఏ ఊరమ్మా నీది?"

"ఈ ఊరే! పుట్టిందిక్కడే. రోజూ దాటాలి, రోజూ ఎవరో ఒకర్ని పట్టుకుంటా. నవ్వకు."

వర్దియా నవ్వలేదు. ఆ పిల్ల వేళ్ళు చర్మంలోకి దిగాయి. నొప్పి పుట్టింది. ఆమె నడక తగ్గించింది. ఇద్దరూ ఒకే అడుగు వేశారు. ఒకే అడుగు. మళ్ళీ ఒకే అడుగు.

అంతేనా తాహర్... ఇంతేనా చెయ్యాల్సింది?

అవతలి కొసన ఆ పిల్ల చెయ్యి వదిలింది. "దేవుడు నీ అమ్మానాన్నల్ని కరుణించు గాక" అంది. మెట్లెక్కి, మలుపు తిరిగి, ఊళ్ళో కలిసిపోయింది. వెనక్కి చూడలేదు. చూడాల్సిన పనీ లేదు.

వర్దియా అక్కడే నిలబడింది. రాతి ఊరు ముందు, లోయ వెనక.

మోచెయ్యి ఇంకా వంచే ఉంది.

ఆ వంపులోంచి గాలి వెళ్తోంది... వెళ్తోంది.