వేలి కింద పేరు

కోచ్‌కోర్‌లో బెగాయిమ్‌ను మించిన కోడలు లేదని ఊరు ఊరంతా ఒప్పుకుంటుంది. మామగారి పేరు బాల్తబాయ్. వాళ్ళ భాషలో బాల్త అంటే గొడ్డలి. మామగారి పేరు కోడలు పలకకూడదు గనక, ఆ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి ఆమె గొడ్డలిని కూడా గొడ్డలి అనలేదు. "కట్టెలు కొట్టేది ఇటివ్వండి" అనేది.

మామగారి వైద్యం కాగితాలన్నీ పరుపుల దొంతర కింద, బంగాళాదుంపల సంచిలో ఉండేవి. డాక్టరు ముందు ఆ సంచి కుమ్మరించాలంటే అత్తగారు సైకాల్‌కు తల కొట్టేసినట్టుండేది. అందుకని బెగాయిమ్ ఒక్కో కాగితం ఫొటో తీసి, ఏడాదివారీగా ఫోన్లో సర్దింది. పేరు పలకకూడదు సరే, ఫొటో తీయొచ్చా? ఎందుకొచ్చిన గొడవని ప్రతి కాగితం మీదా పేరున్న చోట బొటనవేలు అడ్డం పెట్టింది.

"నా బంగారు తల్లే!" అని అత్తగారు మురిసిపోయింది.

మామగారి అన్న ఇంటి కోడలు కూడా ఆ పద్ధతి చూసి, తన మామగారి కాగితాలూ వేలు పెట్టే తీసి, జాగ్రత్త చేయమని బెగాయిమ్‌కే పంపింది. ఫోన్లో ఇప్పుడు రెండు ఫోల్డర్లు. రెండింటి మీదా ఒకటే మాట: "మా మామయ్య".

చలికాలంలో ముసలాయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రికి తెచ్చేసరికి జ్వరంతో ఒళ్ళు తెలియడం లేదు. ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఎర్మెక్, బెగాయిమ్ ఇచ్చిన ఫోను తిరగేశాడు.

"ఒక దాంట్లో పెన్సిలిన్ పడదు, ప్రాణం మీదికొచ్చిందని ఉంది. ఇంకోదాంట్లో పెన్సిలిన్‌తోనే తగ్గిందట, రెండో మందు పడదట. నా దగ్గరున్నవి ఆ రెండు మందులే. ఈయన ఫోల్డర్ ఏది?"

బెగాయిమ్ రెండూ తెరిచి చూసింది. అన్నదమ్ములు కదా, దగ్గూ ఒకటే, రక్తపోటూ ఒకటే. అవతలి కోడలికి ఫోన్ చేసింది.

"మీది ఏదో చెప్పక్కా!"

"అదేంటే, 'మా మామయ్య' అని రాసుందిగా!"

డాక్టరు తల పట్టుకున్నాడు. "సరే, పేరు చెప్పండి. కంప్యూటర్లో పాత రికార్డు తీస్తా."

బెగాయిమ్ అత్తగారి వంక చూసింది. అత్తగారు గోడ వంక చూసింది. మొగుడి పేరు పెళ్ళాం మాత్రం చెబుతుందా?

"పాస్‌పోర్టు? అసలు కాగితాలు?"

"కాగితాలు ఇంట్లో ఉండిపోయాయి. పాస్‌పోర్టు మా ఆయన జేబులో ఉంది," అంది బెగాయిమ్. " ఆయన కొండమీద గొర్రెల దగ్గరున్నాడు. ఫోను అందదు."

"పోనీ రాసివ్వండి!"

"రాసినా చెప్పినట్టే కదా నాయనా," అంది సైకాల్.

మంచం మీద ముసలాయన ఊపిరి ఈల వేస్తోంది. బెగాయిమ్ వింటూ నిలబడింది. పెళ్ళయిన కొత్తలో తను కన్నవాళ్ళ మీద బెంగతో ఏడుస్తుంటే ఈ మనిషే గుర్రం కట్టి పుట్టింటికి తీసుకెళ్ళాడు. పరువుదేముంది, మనిషి పోతే!

"బాల్తబాయ్!" అంది. గదంతా వినబడింది. "బాల్తబాయ్, జూనుష్ కొడుకు!"

సైకాల్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. డాక్టరు కంప్యూటర్లో చూసి, పెన్సిలిన్ సీసా పక్కన పెట్టేసి, రెండో మందు ఎక్కించాడు.

మూడోనాటికి జ్వరం దిగింది. ముసలాయన కళ్ళు తెరిచి, పైకప్పు వంక చూస్తూ అడిగాడు.

"నన్నెవరో పేరుపెట్టి పిలిచారు. మా అమ్మ పోయాక ఆడగొంతుతో ఆ పేరు నేను వినలేదు. ఎవరది?"

బెగాయిమ్ చేతిలోని సూప్ గిన్నెలో చెంచా తిప్పడం మొదలుపెట్టింది.

"నేనే పిలిచా. ఏం?" అంది సైకాల్.

"అయితే ఇంకోసారి పిలువు."

సైకాల్ కోడలి వంక చూసింది, తలుపు వంక చూసింది, తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని గొణిగింది.

"బాల్తబాయ్."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదు," అన్నాడు. "అది మన పిల్ల గొంతు. సూప్ ఇటు తెమ్మను."