కిరాయి ఫిడేలు

మా ఆయన చలపతిరావుగారు సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. తెల్లారేసరికి ఏనుగు కావాలంటే ఏనుగు, ఏప్రిల్ నెలలో వాన కావాలంటే ట్యాంకర్లతో వాన, ఏది అడిగినా తెచ్చి నిలబెడతారు. ఇంటికి మాత్రం వస్తూ వస్తూ కొత్తిమీర కట్ట తెమ్మంటే మరిచిపోతారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అనే సామెత మీ కాపురాన్ని చూశాకే పుట్టి ఉంటుందే అని మా అమ్మ అనేది.

సినిమావాళ్ళంతా మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజుల్లో మేమూ మూటా ముల్లె సర్దుకుని వచ్చేశాం. మధురానగర్‌లో ఒక మేడకింద వాటా తీసుకున్నాం. మా అమ్మాయి హిమబిందు అప్పుడు మూడో తరగతి. మద్రాసులో మా పైవాటా ఆవిడ సాయంత్రాలు ఫిడేలు వాయించుకుంటుంటే ఈ పిల్ల మెట్ల మీద కూచుని వినేది. ఇక్కడికొచ్చాక దానికి బెంగ పట్టుకుంది. ఊరి మీద కాదు, వీధిలో ఆడుకునే పిల్లల మీదా కాదు, ఆ ఫిడేలు మీద. నేర్చుకుంటానని రోజూ నా కొంగు పట్టుకుని తిరిగేది.

వెంగళరావు నగర్‌లో జ్ఞానప్రసూనాంబగారని ఒకావిడ పిల్లలకు ఫిడేలు చెబుతారని తెలిసి తీసుకెళ్ళాను. ఆవిడ బిందు చెయ్యి చాపించి, వేళ్ళు విప్పి చూసి, అర సైజు ఫిడేలు కావాలన్నారు. ఎదిగే పిల్ల కదా అని పొడుగు గౌను కుట్టించినట్టు పెద్ద ఫిడేలు కొని తెస్తే మాత్రం నేర్పనని ముందే చెప్పేశారు. చిన్న చెయ్యి పెద్ద ఫిడేలు మీద సాగదీస్తే స్వరం పాడవుతుంది, చెయ్యీ పాడవుతుంది, చివరికి పిల్ల మనసు విరిగిపోతుంది అన్నారు.

ఆబిడ్స్‌లో ఉన్న కొట్లన్నీ తిరిగాను. అన్నీ పెద్దవే. చిన్నది కావాలంటే కలకత్తా నుంచి తెప్పించాలన్నారు. మా ఆయన నవ్వి, ఇంతోటి దానికి కలకత్తా ఎందుకు, ఫిల్మ్‌నగర్ పోతే దొరకని వస్తువు లేదన్నారు.

ఫిల్మ్‌నగర్ బండల మధ్య వెంకటనర్సయ్యగారి రేకుల షెడ్డు ఉండేది. ఆయన సినిమాలకు సామాన్లు కిరాయికి ఇస్తారు. రాజుగారి సింహాసనం పక్కన పోలీసు స్టేషను బల్ల, దాని మీద దేవుడి కిరీటాలు, వాటి వెనక పాత టెలిఫోన్లు. ఎప్పుడో ఒక సినిమా కోసం తెప్పించిన చిన్న ఫిడేలును ఆయన గుడ్డ విప్పి చూపించారు.

"గిది అస్లీదమ్మా. ఉత్త చూపుకుండేటియి వేరే ఉన్నయ్. గిది వాయిస్తే మంచిగ మోగుతది," అన్నారు.

నేను అక్కడికక్కడే కొనేస్తానన్నాను. ఆయన కూడా ఆడపిల్ల చదువు కదా, తీస్కోండ్రి అన్నారు. మా ఆయన నన్ను పక్కకు లాగారు. రెండేళ్ళు పోతే పిల్ల చెయ్యి ఎదుగుతుంది, అప్పుడు ఇది అటక మీద పడి ఉంటుంది, కిరాయికి తీసుకుంటే చాలు, ఆ కిరాయి కూడా కంపెనీ బిల్లుల్లో కలిసిపోతుంది, మన చేతి నుంచి పైసా పడదు అన్నారు. ఊరికే వచ్చింది ఊరికే పోతుందండీ అన్నాను. నువ్వు శకునాలు పలకకు అన్నారు. ఆ మాట మీద ఆ ఫిడేలు కంపెనీ పేరు మీద మా ఇంటికి వచ్చింది.

కమానుకు రాసే రోసిన్ బిళ్ళ ఒక్కటే మేం కొన్నది. అది నేను కొన్నాను.

మొదట్లో అది వాయిస్తుంటే పిల్లి తోక తొక్కినట్టే ఉండేది. పైన ఉండే ఇంటివాళ్ళావిడ రాజ్యలక్ష్మిగారు దిగొచ్చి, ఏమ్మా, పాపకు ఒంట్లో బాగాలేదా అని వెటకారంగా అడిగి వెళ్ళింది. కానీ బిందు మానలేదు. బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, చాప మీద మఠం వేసుకుని, ఫిడేలు తలను కుడి పాదానికి ఆనించుకుని కూచునేది. సరళి స్వరాలు, జంట స్వరాలు. రాను రాను ఆ కీచులన్నీ నునుపు తేలాయి. అయిపోగానే కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేసేది, తీగల కింద రాలిన రోసిన్ పొడిని మెత్తటి గుడ్డతో తుడిచేది. పంతులమ్మగారు అలా చెయ్యమన్నారు మరి. నిద్ర కళ్ళతో ఉన్నా, జ్వరంతో ఉన్నా ఆ పని మానేది కాదు. ఎవరినీ తన ఫిడేలు ముట్టుకోనిచ్చేది కాదు, నన్ను కూడా.

గీతాల్లోకి వచ్చాక జ్ఞానప్రసూనాంబగారు శ్రీరామనవమి పందిట్లో పిల్లలందరి చేతా వాయింపిస్తానన్నారు. బిందుకు ఒక గీతం. ఆ సంగతి పాలవాడితో సహా అందరికీ చెప్పింది.

అప్పుడు వచ్చింది ఆ షూటింగ్. హీరోయిన్ చిన్నతనంలో ఫిడేలు వాయిస్తుంటుంది, తాగుబోతు తండ్రి వచ్చి దాన్ని లాక్కుని నేలకేసి కొడతాడు. అదీ సీను. వేషం వేసే పాపకు తీగల మీద వేళ్ళు పెట్టడం రావడం లేదట. మా ఆయన ఆనందంగా ఇంటికొచ్చి, మన బిందు చేతులు క్లోజప్‌లో తీస్తారు, ఫిడేలు కూడా ఇదే వాడతారు, ఆంధ్రదేశమంతా దాని వేళ్ళు చూస్తుంది అన్నారు. అబద్ధమెందుకు, నాకూ సంబరమే అనిపించింది. ఫిడేలు పగలగొట్టేది ఎలాగండీ అని మాత్రం అడిగాను. దానికి పల్చటి చెక్కతో డమ్మీ చేయిస్తాం, అది నా పనే అన్నారు.

జూబిలీ హిల్స్‌లో ఒక పెద్ద బంగళా షూటింగుకు తీసుకున్నారు. బిందు నున్నగా జడ వేయించుకుని వచ్చి, అలవాటు ప్రకారం కింద చాప కోసం వెతికింది. డైరెక్టరుగారు అదేంటమ్మా, లేచి నిలబడి గడ్డం కింద పెట్టుకో, ఇంగ్లీషు సినిమాల్లోలాగా అన్నారు. దానికలా రాదు. అయినా నిలబడింది, మెడ వంచి పట్టుకుంది, చెప్పినట్టల్లా కమాను లాగింది. అది వాయించింది ఎవరికీ అక్కర్లేదు, పాట ఎప్పుడో రికార్డయిపోయింది. అందులో మోగేది కూడా ఫిడేలు కాదని, కీబోర్డు మీద కొట్టిన మోతని తర్వాత తెలిసింది. వేళ్ళు బాగా వచ్చాయని అందరూ చప్పట్లు కొట్టారు. బిందు సిగ్గుపడి ఒక మూలకు వెళ్ళి, కమాను వదులు చేసి, ఫిడేలు తుడుచుకుంటూ కూచుంది.

ఇక పగలగొట్టే సీను. డమ్మీ ఏదని డైరెక్టరుగారు అడిగారు.

డమ్మీ లేదు. వడ్రంగికి ఆ కబురే అందలేదు. ఊరందరి పనులూ గుర్తుపెట్టుకునే మా ఆయన ఆ ఒక్క పని మరిచిపోయారు. ప్రొడ్యూసరుగారు అప్పుడే కారు దిగారు. తండ్రి వేషం ఆయన మధ్యాహ్నానికి ఇంకో షూటింగుకు వెళ్ళాలి, మళ్ళీ డేట్లు లేవు. డైరెక్టరుగారు గొంతు పెంచలేదు గానీ, అందరికీ వినబడేటట్టు, "ఏం చలపతిరావూ, పేకప్ చెప్పమంటావా?" అని అడిగారు.

మా ఆయన మెడ మీద చెమట నాకు అంత దూరం నుంచీ కనబడింది.

"ఫర్లేదు సార్. ఇదే వాడేద్దాం," అన్నారు, బిందు వైపు చూపించి.

"అది పాపది కదయ్యా?"

"కాదు సార్, ప్రాపర్టీదే. కిరాయిది."

డైరెక్టరు అడిగాడు. అది చెప్పాలి. పరాయి మనిషికి తట్టింది, కన్నతండ్రికి తట్టలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆయన దానం చేసేశారు. నేను దగ్గరకు వెళ్ళి, అది బిందుదండీ, రామనవమికి దాంతోనే వాయించాలండీ అన్నాను. ఆయన పెదవులు కదపకుండా, ఇక్కడ నా పరువు తియ్యకు మంజూ, ఉద్యోగం పోతుంది, దానికి కొత్తది కొనిస్తాను అన్నారు. అని, నన్ను దాటి వెళ్ళి పిల్ల ముందు చెయ్యి చాపారు.

బిందు అన్నీ వింది. తీగల కింద ఇంకా కాస్త పొడి ఉంటే అదీ తుడిచి, రెండు చేతులతో ఎత్తి ఇచ్చింది.

"కమాను వదులు చేశాను నాన్నా," అంది.

మొదటిసారి కొట్టినప్పుడు నడుం దగ్గర పగిలింది. ఫోకస్ కుదర్లేదన్నారు. ఒక అసిస్టెంటు ముక్కల్ని టేపుతో అంటించి, కెమెరాకు కనబడకుండా తిప్పి పెట్టాడు. వన్ మోర్ అన్నారు. రెండోసారి తునాతునకలైంది. ఈసారీ చప్పట్లు కొట్టారు. మేకప్ ఆయన పాపం బిందు చేతిలో చాక్లెట్ పెట్టాడు. అది ఏడవలేదు. నేనే ఏడిచాను, బంగళా వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కునే నెపంతో.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు కంపెనీ కారులో, "షాట్ ఓకే అయిందా నాన్నా?" అని అడిగింది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. బ్రహ్మాండంగా వచ్చిందమ్మా, చూస్తావుగా థియేటర్లో అన్నారు.

నాలుగు రోజులకు వెంకటనర్సయ్యగారు బిల్లు మీద సంతకం కోసం మా ఇంటికి వచ్చారు. ఫిడేలు ఖరీదు కంపెనీ కట్టేసింది, ఆయనకు నష్టమేమీ లేదు. అయినా గుమ్మంలో నిలబడిపోయారు, కూచోమన్నా కూచోలేదు.

"ఒక్క మాట అడుగుతే అయిపోతుండెనమ్మా. పగిలిన ఫిడేల్లు నా షెడ్డుల రెండున్నయ్. గీ జూబిలీ హిల్స్‌కెళ్ళి ఫిల్మ్‌నగర్ ఎంత దూరం? చాయ్ తాగేలోపు పంపుతుంటి," అన్నారు.

ఆ రాత్రి మా ఆయనకు పెరుగన్నం వడ్డిస్తూ ఆ మాట చెప్పాను. అప్పుడు తోచలేదు అన్నారు. తోచకపోవడమేమిటి? ప్రొడ్యూసరు కుక్కకు బిస్కట్లు అయిపోతే తోచేది. ఆ మాట కూడా అన్నాను. ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

శ్రీరామనవమి వచ్చింది. కొత్త ఫిడేలు రాలేదు, అవుట్‌డోర్ షూటింగ్ అడ్డం వచ్చింది. బిందు పట్టు పరికిణీ కట్టుకుని పందిట్లో ముందు వరసలో కూచుంది, పానకం తాగింది. దాని గీతం వేరే పిల్ల వాయించింది. బిందు కుడి పాదం పరికిణీ అంచు కింద తాళం వేస్తూనే ఉంది. ఇంటికొచ్చాక ఆ పిల్ల రెండో చరణంలో తప్పు వాయించింది అని మాత్రం అంది.

వేసవిలో సినిమా విడుదలైంది. బిందు తన చేతులు చూపిస్తానని రాజ్యలక్ష్మిగారిని, క్లాసులో ఇద్దరు స్నేహితుల్ని కూడా తీసుకొచ్చింది. హీరోయిన్ పెద్దదైపోయి కాలేజీకి వెళుతూ కనబడింది. చిన్నతనం తర్వాత వస్తుందని బిందు అందరికీ చెబుతోంది. విశ్రాంతి అప్పుడు మా ఆయన జనాన్ని చూసొస్తానని బయటకు వెళ్ళి, మళ్ళీ మా వరసలోకి రాలేదు. శుభం కార్డు పడింది, లైట్లు వేశారు. బిందు లేవలేదు. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో మా వరస దాకా వచ్చాక లేచింది.

నిడివి ఎక్కువైందని ఎడిటింగులో ఆ చిన్నతనమంతా ఎత్తేశారట. ఆయనకు ముందే తెలుసు. తెలిసే మా అందరికీ పాసులు తెచ్చిచ్చారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మరుసటి వారం మా ఆయన కొత్త ఫిడేలు తెచ్చారు. ఈసారి నిజంగానే సొంత డబ్బుతో కొన్నారు. లోపల ఎర్ర మఖమలు గుడ్డ వేసిన నల్లటి పెట్టె. పెద్దది, పూర్తి సైజు. ఎదిగే పిల్ల కదా, పదేళ్ళు పనికొస్తుంది అన్నారు. పంతులమ్మగారు చెప్పింది ఆయనకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అదీ గుర్తులేదు.

బిందు మూత తెరిచింది. తన ఎడమ చెయ్యిని ఫిడేలు పక్కన ఆనించి కొలుచుకుంది. మూత వేసేసింది. బడి సంచిలోంచి రోసిన్ బిళ్ళ తెచ్చి పెట్టె మీద పెట్టింది. అది ఇన్నాళ్ళూ పలకా పుస్తకాల మధ్య మోస్తోందని నాకు కూడా తెలియదు.

"కమానుకు ఇది రాయాలి నాన్నా. లేకపోతే పలకదు. షూటింగువాళ్ళకు చెప్పు," అంది.

"షూటింగుకు కాదమ్మా. ఇది కిరాయిది కాదు. నీ సొంతం," అన్నారు ఆయన.

బిందు ఆయన మొహంలోకి చూసింది. దెప్పడానికి కాదు. అంత వయసు లేదు దానికి. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మళ్ళీ డమ్మీ రాకపోతే?"

ఎవరు ఏది అడిగినా తెచ్చిచ్చే మనిషి నావైపు చూశారు. నేను అన్నం వార్చే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.