వడియాలతో పాటు ఎండిన స్కోరు

నేను ఒక చిన్న వీడియో గేమ్‌ని. అరచేతిలో ఒదుగుతాను. బూడిద రంగు ఒళ్ళు, పసుపు బొత్తాలు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర. ఎక్కడో దూరదేశంలో ఒక యంత్రం కింద పుట్టాను. పుట్టగానే నా నుదుటి మీద ‘9999 ఆటలు’ అని అచ్చు వేశారు. అది అబద్ధం. నాలో ఉన్నవి నాలుగే. మిగిలినవన్నీ ఆ నాలుగే, వేగం మార్చుకుని వచ్చినవి. కొన్నవాళ్ళకి ఈ సంగతి వారంలో తెలిసిపోతుంది. అయినా ఎవరూ అంగడికి తిరిగి వెళ్ళి అడగరు. మోసపోయామని చెప్పుకోవడం కంటే ఆడుకోవడమే సుఖమనుకుంటారు కాబోలు.

నన్ను కొన్నది ఒంగోలు పిల్ల ప్రతిమ. గలగలా మాట్లాడుతుంది. దసరా సెలవులకు పల్లెలో మేనత్త ఇంటికి వస్తూ నన్ను సంచిలో వేసుకొచ్చింది. మేనత్త కూతురు నీలవేణి నన్ను చూసింది. చూసిందంతే, అడగలేదు. నీలవేణి ఏదీ అడగదు. బడిలో హాజరు పలకడానికి కూడా ముందు గొంతు సర్దుకునే పిల్ల.

“ఏం మరదలా, చూపులతోనే ఆడేస్తావా?” అని ప్రతిమ నవ్వింది. తిరిగి వెళ్ళేరోజు బస్సెక్కబోతూ నన్ను నీలవేణి చేతిలో పెట్టింది. “ఇటుకల ఆటలో నా స్కోరు దాటు. ఎండాకాలం సెలవులకి వస్తా. దాటితే ఇది నీది, లేకపోతే నాతో వచ్చేస్తుంది. ఉత్త మాట కాదమ్మోయ్, తెర మీద చూపించాలి!”

నీలవేణి తలూపింది.

నా ఆటల గురించి నాకూ అభిప్రాయాలు ఉన్నాయి. పాము ఆట నాకు నచ్చదు. తిన్నకొద్దీ ఒళ్ళు పెరిగి, చివరికి తన తోకే తనకు అడ్డం వస్తుంది. అందులో ఆశ తప్ప ఆట లేదు. ట్యాంకుల ఆట ఒట్టి చప్పుడు. కారు పందెం గురించి నీలవేణి నాయనమ్మ ఒకసారి తొంగిచూసి, “ఎంతసేపూ పోవడమేనా, ఊరు రాదా?” అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. ఇటుకల ఆట ఒక్కటే నాకు ఇష్టం. పైనుంచి ఏ ముక్క పడుతుందో తెలియదు. వచ్చినదాన్ని తిప్పి, పట్టేచోట ఒదిగించాలి. అరిచేవాళ్ళకి అది రాదు. నీలవేణికి వచ్చింది.

పరీక్షలు అయిపోయిన మర్నాడు నీలవేణి ప్రతిమ స్కోరు దాటింది. కేక పెట్టలేదు. నాయనమ్మ చెవిలో మాత్రం చెప్పింది.

నాకొక లోపం ఉంది. బ్యాటరీలు తీస్తే లెక్కలన్నీ మరిచిపోతాను. మనుషుల్ని మరిచిపోను, లెక్కల్నే. ఆ సంగతి నాయనమ్మకి తెలియదు. ఆవిడకి తెలిసింది వేరే. నీరసించిన బ్యాటరీలను ఎండలో పెడితే మళ్ళీ ప్రాణం వస్తుంది. ఆ ఇంట్లో రేడియో, టార్చిలైటు ఏళ్ళ తరబడి అలాగే బతికాయి. ప్రతిమ వచ్చే రోజు పొద్దున నా తెర వెలవెలబోవడం ఆవిడ చూసింది. మనవరాలి గెలుపు నిగనిగలాడుతూ కనబడాలని నా వీపు తెరిచి, బ్యాటరీలు తీసి, వడియాల చాప అంచున పెట్టింది.

మధ్యాహ్నం ప్రతిమ వచ్చింది. నాయనమ్మ వేడివేడి బ్యాటరీలు నాలో వేసి, “చూసుకోవే!” అని గర్వంగా అందించింది. ప్రతిమ చూసింది. సున్నా.

“అమ్మో! నీకు నోరు లేదనుకున్నానే మరదలా! బ్యాటరీలు పీకి నా స్కోరు కూడా తుడిచేశావా?”

నీలవేణి మొహం మాడిపోయింది. నాయనమ్మ చేతివేళ్ళకి ఇంకా వడియాల పిండి ఉంది. నీలవేణి ఆ వేళ్ళ వంక చూసింది. ఒక్కమాట చెబితే చాలు, నింద పోతుంది. కానీ ప్రతిమ చేతిలోంచి నన్ను తీసుకుంది.

“కూర్చో వదినా. మళ్ళీ ఆడతా. నీ ముందే.”

వడియాలకు కాపలా కూర్చున్న ఇరుగుపొరుగు అమ్మలక్కలు చుట్టూ చేరారు. అన్ని కళ్ళు మీద పడేసరికి నీలవేణి కంగారుగా బొత్తాలు నొక్కింది. మొదటి ముక్కలన్నీ తప్పుగా పడ్డాయి. తర్వాత ఆ పిల్ల నన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. కొంతసేపటికి ఎండబెట్టిన ప్రాణం నాలో తరిగిపోసాగింది. తెర మసకబారింది. నీలవేణి నన్ను కాస్త ఏటవాలుగా తిప్పి, ఆ మసకలోనే ముక్కలు పేర్చింది. తన పాత స్కోరు మరిచిపోని ప్రతిమ, నీలవేణి భుజం మీదుగా వంగి స్కోరు పైకి చదువుతోంది. మొదట వెటకారంగా చదివింది, తర్వాత మెల్లగా, తర్వాత గుసగుసగా. చివరికి ప్రతిమే ఎగిరి గంతేసింది. “దాటిందే!”

అప్పుడే నా తెర ఆరిపోయింది.

“అయ్యో, మళ్ళీ తీసి ఎండలో పెట్టనా?” అంది నాయనమ్మ, నా వీపు మీద చెయ్యి వేస్తూ.

“వద్దూ!” అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. నీలవేణి అరవగలదని ఆ వాడకి ఆ రోజే తెలిసింది.

ప్రతిమ ఒక్క క్షణం నాయనమ్మని, వడియాల చాపని మార్చిమార్చి చూసింది. “నేను చూశాగా మరదలా. ఇంక దీని చేత చెప్పించాలా?” అని నన్ను నీలవేణి ఒళ్ళో పడేసింది.

ఇప్పుడు నేను పాత బిస్కెట్ల డబ్బాలో ఉన్నాను. తీయడం మరిచిన బ్యాటరీ ఒకటి కారి, లోపలి స్ప్రింగు ఆకుపచ్చగా తుప్పుపట్టింది. ఇక వెలగను. నాలో ఏ స్కోరూ లేదు. ఆ ఇంట్లో వడియాలు వేయించినప్పుడల్లా ఆ రోజు మాట వస్తుంది. ఎవరో ఒకరు స్కోరు ఎంతో చెబుతారు. అది ప్రతిసారీ కాస్త పెరుగుతూ ఉంటుంది. లెక్క నాకూ గుర్తులేదు కాబట్టి కాదనలేను.