గుజ్జీకి పెట్టిన కందెన

ఏలూరు పవర్‌పేటలో నా షెడ్డుకు వచ్చేవాళ్ళందరికీ నా కోపం సంగతి తెలుసు. లారీ తెచ్చినవాడు "కాస్త త్వరగా కానివ్వండి" అన్నాడంటే పానా అక్కడే పడేసి కాఫీకి వెళ్ళిపోతాను. "మీ కోపం ఇంజన్లో పోస్తే పెట్రోలు అక్కర్లేదు" అంటుంది మా సువార్తమ్మ. పని వచ్చినవాణ్ణి కాబట్టి జనం భరిస్తున్నారు. పనికూడా రాకపోతే నన్నెప్పుడో పేటలోంచి తరిమేసేవారు.

యాభై ఏడు డిసెంబరులో ఒకనాటి పొద్దున ఒక ముసలాయన వచ్చి షెడ్డు బయటే చెప్పులు విడిచాడు. మెకానిక్ షెడ్డు ముందు చెప్పులు విడిచేవాణ్ణి అదే మొదలు చూడటం. చేతిలో తడిగోనె సంచి, దాన్లో రెండు కొరమేనులు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"జ్ఞానయ్యగారున్నారాండీ? నేనండీ, రామకోటి నాన్ననండీ. తాతయ్యనండీ."

తాతయ్య ఆయన పేరే. పాతికేళ్ళ వయసులో కూడా ఊరంతా తాతయ్య అనే పిలిచేవారట. ఇప్పుడు పేరుకు తగ్గట్టే తయారయ్యాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు తెల్లగా కనిపిస్తున్నాయి. నేను లారీ కింద పడుకునే ఇదంతా చూస్తున్నాను. లేచి ఇవతలికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆయన మొహం చూడవలసిన రోజు రాకుండా ఉంటే బాగుండునని తొమ్మిదేళ్ళుగా కోరుకుంటున్నాను.

"మీ బండి మీకు ఒప్పచెప్పేద్దామని వచ్చానండీ" అన్నాడు. "వచ్చే ఏటికి నాకు చూపుంటుందో ఉండదో. మీరొకసారి వచ్చి, దాన్ని నడిపి చూసుకుని తీసుకెళ్ళిపోతే నా బాధ్యత తీరిపోద్దండీ. జ్ఞానయ్య వచ్చేదాకా బండి పాడవనివ్వకు నాన్నా అన్నాడండీ వాడు. ఆఖరున అడిగింది అదొక్కటేనండీ."

రామకోటి సంగతి చెప్పాలి. అతనిది కొల్లేటి నడుమ ఒక లంక. చేపలు పట్టే కుటుంబం. నాది ఏలూరు మిషను చర్చి వెనక పేట. యుద్ధంలో ఇద్దరం ఒకే పటాలంలో చేరి ఇటలీ దాకా వెళ్ళాం. అక్కడ ఒక ఊళ్ళో గడ్డివామి వెనక, శత్రువులు వదిలేసి పోయిన మోటారుసైకిలు దొరికింది. మోటో గుజ్జీ. సిలిండరు నిలువుగా కాకుండా ముందుకు పడుకుని ఉంటుంది. ఇంజను పక్కన ఇంత పెద్ద ఇనప చక్రం బయటికే తిరుగుతూ ఉంటుంది. ఆ ఊరి కమ్మరి, మాట తెలియకపోయినా చేతులతో చెప్పి, దాన్ని విప్పడం బిగించడం నాకు నేర్పాడు. రామకోటి నడిపేవాడు, నేను బాగుచేసేవాణ్ణి. దాని చప్పుడు నింపాదిగా, ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టుకోవచ్చన్నట్టు ఉండేది. ఇద్దరికీ ఆ చప్పుడంటే ప్రాణం.

తిరిగొచ్చాక నలభై ఆరులో తాడేపల్లిగూడెం విమానాల మైదానంలో యుద్ధపు సామాన్లు వేలం వేశారు. ఇనప తుక్కు మధ్య మళ్ళీ ఒక గుజ్జీ కనిపించింది. ఎవరు ఎక్కణ్ణుంచి తెచ్చి పారేశారో తెలియదు. ఇద్దరం ఉన్నదంతా ఊడ్చి కొన్నాం. గూడెం నుంచి ఏలూరు దాకా వంతులేసుకుని నడుపుకుంటూ వచ్చాం. ఆ రోజంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. ఈ మాట సువార్తమ్మకూ తెలుసు.

ఏడాది తిరక్కుండానే ఆ స్నేహం పాడుచేసుకున్నాం. రామకోటి ఆ బండికి వెనక తట్టలు కట్టి, చేపలు స్టేషనుకు చేరవెయ్యడం మొదలుపెట్టాడు. ఒకనాడు ట్యాంకు మీద పొలుసులు ఎండి అతుక్కుని ఉన్నాయి. షెడ్డులో నలుగురూ ఉన్నారు. నాకు నోరు ఆగలేదు. "నీ బతుకే చేపల కంపు. నీకెందుకురా ఇలాంటి బండి" అన్నాను.

మా పేటవాళ్ళను ఎవరైనా అలాంటి మాటంటే నేనే పానా ఎత్తేవాణ్ణి. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమంటారు. జారలేదు, కావాలనే విసిరాను. రామకోటి నవ్వుమొహం మాడిపోయింది. బండి బయటికి తోసుకుని "నీ కోపం తగ్గాక రారా. ఇదెక్కడికీ పోదు" అని వెళ్ళిపోయాడు. రెండు దోనెలు జతకట్టి, గుజ్జీని వాటి మీదకెక్కించి కొల్లేరు దాటించాడని తరవాత విన్నాను. అప్పణ్ణుంచి ఇంగ్లీషు బళ్ళు ఎన్నో విప్పాను. ఇటలీ బండి పేరు ఎవరైనా ఎత్తితే మాట మార్చేశాను.

నలభై ఎనిమిదిలో కార్తీకమాసంలో ఒక పోస్టుకార్డు వచ్చింది. పంపినవాడి చోట రామకోటి పేరు చూసి, నీకిప్పుడు అవసరం పడిందన్నమాట అనుకుని, చదవకుండానే బిల్లుల తీగకు గుచ్చేశాను. పదిహేను రోజులకు రామకోటి జ్వరంతో పోయాడని చేపలవాళ్ళు చెప్పారు. అప్పుడు ఆ కార్డు తీసి చదివాను. తండ్రి ఎవరిచేతో రాయించాడు. "రామకోటికి జ్వరం తగ్గటం లేదు. మిమ్మల్ని చూడాలంటున్నాడు. వెంటనే రావలెను. బండి ఇంజనుకు ఏ నూనె పోయవలెనో కూడా చెప్పవలెను."

సువార్తమ్మ వెళ్ళమంది. ఆ తండ్రి ముందు ఏ మొహంతో నిలబడను? వారం ఆగి వెళ్దామనుకున్నాను, తరవాత పండగ వెళ్ళాక అనుకున్నాను. అలా తొమ్మిదేళ్ళు అయింది.

ఇక ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. ట్రంకుపెట్టె అడుగునుంచి మిల్లీమీటర్ల పానాలు తీశాను. మన దగ్గరి ఇంగ్లీషు పానాలు గుజ్జీ బోల్టులకు పట్టవు. వాటిని గుడ్డలో చుట్టి ఇన్నాళ్ళూ ఎందుకు దాచానో నాకే తెలియదు. మర్నాడు ఒంటెద్దు బండిలో కొల్లేటి గట్టు దాకా వెళ్ళాం. అక్కడ ఆయన కూతురు మంగ దోనెతో సిద్ధంగా ఉంది. గెడ వేస్తూ లంకకు చేర్చింది. దారంతా ముసలాయన బండి కబుర్లే చెప్పాడు. "వరదొచ్చిన రెండుసార్లూ మేం మొలలోతు నీళ్ళలో ఉన్నామండీ. దాన్ని మాత్రం తాళ్ళేసి అటక మీదకెక్కించాం. చుక్క తగల్లేదండీ."

నిజమే. పాకలో చెక్కబల్ల మీద గుజ్జీని నిలబెట్టారు. ఎక్కడా తుప్పు లేదు. ట్యాంకు మీద రంగు అలాగే ఉంది. ఆ పెద్ద ఇనప చక్రం నల్లగా మెరుస్తోంది. రామకోటి పొద్దున్నే తుడిచి చేపలకెళ్ళాడా అన్నట్టుంది. హ్యాండిలు పట్టుకున్నాను. పదేళ్ళ తరవాత కూడా అరచేతులకు గుర్తుంది. నాకు ఏడుపొచ్చింది. ముసలాయనకు పాక మసకలో కనిపించదు కాబట్టి కాసేపు ఏడిచాను కూడా.

కిక్కు మీద కాలు వేశాను. దిగలేదు. చక్రం పట్టుకుని తిప్పబోయాను. బండరాయిలా ఉంది.

"మూడేళ్ళనుంచీ తిరగట్లేదండీ అది" అన్నాడు ముసలాయన. "మీ చెయ్యి తగిల్తే తిరుగుద్దిలే అనుకున్నాను. మొదట్లో తిరిగేదండీ. ప్రతి అమావాస్యకీ ప్లగ్గు విప్పి, లోపలంతా కందెన పెట్టి, చక్రం నూటెనిమిదిసార్లు తిప్పేవాణ్ణండీ."

"కందెనా?"

"ఆయ్. మనకి తెలిసింది అదేగదండీ. ఎండుగడ్డి కాల్చిన మసి, ఆముదం. ఎడ్లబండి ఇరుసుకి అదేగదండీ ప్రాణం. ఇక్కడి ఆముదం కల్తీ అని కామవరపుకోట నుంచి తెప్పించానండీ. మసి పలచటిగుడ్డతో రెండుసార్లు జల్లించేవాణ్ణి. ఒక్క అమావాస్య కూడా తప్పలేదండీ. ఒంట్లో బాగోకపోతే మంగ చేత పెట్టించాను."

పానా తీసుకుని సిలిండరు తల విప్పాను. లోపల మాడిపోయిన బెల్లప్పాకంలా నల్లగా గడ్డకట్టి ఉంది. ఆముదం ముదిరి బంకై, బంక రాయై, వాల్వుల్ని కరుచుకుపోయింది. ఉలితో కొంత గీకి చూశాను. అద్దంలా ఉండాల్సిన సిలిండరు గోడ నిండా గాట్లు. మసిలో ఉన్న గరుకు, చక్రం తిప్పిన ప్రతిసారీ లోపల కోసుకుంటూ పోయింది. ఆయన పట్టించుకోకుండా వదిలేసి ఉంటే ఆ బండి బాగుపడేది. తుప్పు వదిలించడం నాకు చేతనవును. దీనికి మందు లేదు. కొత్త సిలిండరు, పిస్టను ఇటలీ నుంచి రావాలి. అదయ్యే పని కాదు.

ముసలాయన వంగి, తడుముకుంటూ వేలు సిలిండరులోకి పోనిచ్చాడు. గాట్లు వేలికి తగిలాయి. రెండోసారి తడిమాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మన కందెనేనండీ ఇది."

"అవును."

"దీనివల్లనే పాడైందాండీ?"

చూపు ఆనని మనిషికి ఏం చెప్పినా చెల్లుతుంది. తుప్పు అనొచ్చు, పాత ఇనుము అనొచ్చు. కాని ఆయన వేలికి కళ్ళున్నాయి. వల దారం ఎక్కడ తెగిందో చీకట్లో చెప్పగల వేలు అది.

"నేనే చంపేశానన్నమాట" అన్నాడు. చెక్కబల్ల పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. "పాడవనివ్వకు నాన్నా అన్నాడండీ. ఒక్క మాట అడిగాడు. నేనే నా చేత్తోనే..." కందెన అంటిన వేలిని బొటనవేలితో నలుపుకున్నాడు. "మీకు ఉత్తరం రాయించానండీ అప్పట్లో, ఏ నూనె పొయ్యాలో అని. వాడు జొరంలో ఉన్నాడు. మా కార్డులన్నీ దోనెల మీద పోతాయి కదండీ, ఏ నీళ్ళలో పడిపోయిందో. అంది ఉంటే మీరు రాకుండా ఉంటారాండీ?"

తొమ్మిదేళ్ళుగా నా తరఫున ఆయనే వకాల్తా పుచ్చుకున్నాడు. ఊరుకుంటే నా పరువు దక్కేది. కాని ఆ ముసలాయన, కొడుకు కోరిక తానే చెడగొట్టానని కుమిలిపోతూ చావాల్సి వస్తుంది. తప్పు నాది, శిక్ష ఆయనకా? నా జన్మలో మొదటిసారి కోపం లేకుండా నిజం చెప్పాను.

"కార్డు అందింది బాబాయిగారూ. రామకోటి పేరు చూసి చదవకుండా తీగకు గుచ్చేశాను. వాడు పోయాకే చదివాను. అందులో అన్నీ ఉన్నాయి. జ్వరం సంగతీ ఉంది, రమ్మన్న మాటా ఉంది, నూనె సంగతీ ఉంది. నేను ఒక్క ముక్క రాసి ఉంటే ఈ బండి ఇవాళ నడిచేది. మీరేం చెయ్యలేదు. బండిని పాడుచేసింది నేనే."

వాకిట్లో మంగ చేపలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. నేను తల వంచుకుని ఆయన తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండుననిపించింది.

ఆయన తిట్టలేదు. గొంతు పెంచలేదు.

"వాడు ఆఖరి నాలుగు రోజులూ రేవువైపు తిరిగి పడుకున్నాడండీ. దోనె అలికిడైతే చాలు, జ్ఞానయ్యేమో చూడు నాన్నా అనేవాడు. ఉత్తరం అందలేదేమోరా, అందితే రాకుండా ఉంటాడా అని నేనే సర్దిచెప్పానండీ. అంతేలే నాన్నా అన్నాడు. ఆ మాట నమ్మే పోయాడండీ వాడు."

కందెన అంటిన వేలిని పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"బండి పోతే పోయిందండీ. ఇనుమేగదా. ఆ పాపం నా మీదే ఉంచేసి, నన్ను కూడా ఆ మాట మీదే పోనివ్వవలసిందండీ మీరు."

తరవాత ఆయన మంగను పిలిచి, నాకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి అన్నం పెట్టమన్నాడు. నేను తింటున్నంతసేపూ పక్కనే కూర్చుని, ఎప్పటిలాగే మర్యాదగా, ఇంకొంచెం వేసుకోండి అంటూనే ఉన్నాడు.